కింద నీ పేరు

“ఇంటి నుంచే చేసుకోమ్మా. రోజూ ఇంత దూరం ఏం వస్తావు?” అన్నాడు మేనేజరు, నియామక పత్రం పట్టుకున్న అమ్మాయి వంక కాకుండా ఆమె చక్రాల కుర్చీ వంక చూస్తూ.

“ఆఫీసులో చేరమని ఇందులో రాశారు సార్. చేరడానికే వచ్చాను.”

“అది కాదు, నీ సౌకర్యం కోసం చెబుతున్నా.”

“నా సౌకర్యం కోసమైతే ఆ బాత్రూం తలుపు వెడల్పు చేయించండి. నా కుర్చీ పట్టడం లేదు.”

వెనక నిలబడ్డ తండ్రి ఆమె భుజం తట్టాడు. “మొదటిరోజే గొడవెందుకురా? కాలేజీ వదిలి నెల కాలేదు. సర్దుకుపోదాం.”

“కాలేజీలో మూడేళ్లు సర్దుకున్నాను నాన్నా. ల్యాబ్ మేడ మీదుందని ప్రాక్టికల్స్ కింద వరండాలో రాశాను. ఇక చాలు. నువ్వు ఇంటికెళ్లు.”

మధ్యాహ్నానికి ఆమెకో బల్ల దొరికింది. సొరుగు మోకాళ్లకు కొట్టుకుంటుంటే తనే ఊడబెరికి పక్కన పెట్టింది. పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మూడింటికి మేనేజరు ఒక ఫైలు తెచ్చి ఎంతో ఆప్యాయంగా ఆమె ముందు పెట్టాడు.

“ఇదిగో, నీకు తగిన పని. ముప్పై ఒక్క దరఖాస్తులున్నాయి. అందరికీ ‘ఖాళీలు లేవు’ అని మెయిల్ పంపెయ్.”

ఆమె తిరగేసింది. ఒకరికి చూపు లేదు. ఒకరికి వినబడదు. ఇంకొకరికి కుడిచెయ్యి లేదు. అందరూ ఈ ఏడే డిగ్రీ పూర్తిచేసిన వాళ్లు.

“గేటు దగ్గర పన్నెండు ఖాళీలని బోర్డుంది కదా సార్?”

“అవి మామూలు వాళ్లకి. చూడమ్మా, మేం రాస్తే వీళ్లు ఫిర్యాదులంటారు, పేపర్లంటారు. కింద నీ పేరుండి, పక్కన ‘వికలాంగ ఉద్యోగి’ అని ఉంటే ఎవరూ నోరెత్తరు.”

“నన్ను తీసుకుంది అందుకా?”

“మరి?” అన్నాడతను, ఏ దాపరికమూ లేకుండా.

స్పర్శ లేని అరికాళ్లలోంచే మంట నెత్తికెక్కింది ఆమెకు. ఫైలు తీసి అతని మొహాన కొట్టాలనిపించింది. పళ్లు బిగబట్టి కీబోర్డు ముందుకు లాక్కుంది.

అయిదింటికి మేనేజరు సంచి భుజాన వేసుకుని వచ్చాడు. “అన్నీ వెళ్లాయా?”

“వెళ్లాయి సార్. కింద నా పేరే పెట్టాను.”

“బంగారు తల్లివి. ఎవరైనా బాధపడుతూ జవాబిచ్చారా?”

“ఒక్కరూ లేరు సార్. పంతొమ్మిది మంది అప్పుడే ఒప్పుకున్నారు, సోమవారం పదింటికి ఇంటర్వ్యూకి వస్తామని.”