ఖర్చు కాని పద్దు

“మళ్ళీ లెక్క చూశాను అనుపమ గారూ. ఆ నలభై లక్షలూ అలాగే ఉన్నాయి. ఇంక మూడు రోజులే గడువు” అన్నారు ఫోన్‌లో డైరెక్టర్ రామ్మోహనరావు.

అనుపమకు తెలుసు. సికింద్రాబాద్‌లోని ఆ ప్రాంతీయ ఆర్థికాభివృద్ధి సంస్థలో ఆ పద్దు చూసేది ఆమే.

బోయిగూడ ఆడవాళ్ళకు కుట్టు కేంద్రం పెట్టమని సర్కారు ఇచ్చిన డబ్బది. మిషన్లు కొనొచ్చు, నేర్పేవాళ్ళకు జీతాలివ్వొచ్చు. చోటుకు మాత్రం పైసా కిరాయి ఇవ్వకూడదు. ఎవరైనా ఉచితంగా జాగా ఇస్తేనే మిషన్లు కొనాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టుంది వ్యవహారం.

ఆమె ఏడాదంతా తిరిగింది. కమ్యూనిటీ హాలు వాళ్ళు పెళ్ళిళ్ళున్నాయన్నారు. రెజిమెంటల్ బజార్‌లో ఒక గోడౌన్ యజమాని ముందు సరేనని, తర్వాత ఫోనెత్తడం మానేశాడు.

“పోనీ, పద్దు మార్పించి మన ఆఫీసుకి ఏసీలు, కుర్చీలు కొనేద్దామా? డబ్బు వెనక్కి పోతే వచ్చే ఏడు అసలే ఇవ్వరండీ” అన్నారు డైరెక్టర్.

“అవి ఆడవాళ్ళ పైసలు సార్” అంది అనుపమ.

ఇంట్లో నాలుగు రూపాయలు మిగిల్చినవాణ్ణి పొదుపరి అంటాం. సర్కారు ఆఫీసులో మిగిలిస్తే చేతకానివాడంటారు.

ఫోన్ పెట్టేసరికి ఎదురుగా ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చాడు.

“నమస్తే మేడం. నా పేరు జంగయ్య. మాది బోయిగూడ.”

“కూర్చోండి పెద్దాయనా. చెప్పండి.”

ఆయన కూర్చోలేదు.

“ముప్పై ఏండ్లు పిండిగిర్ని నడిపిన మేడం. అందరు ప్యాకెట్ల పిండి కొనుడు షురూ చేసిన్రు. రెండేండ్ల కింద గిర్ని బందైంది. ఇప్పుడు...”

మిగతాది వినక్కర్లేదనిపించింది అనుపమకు. మార్చి నెలలో ఆ గదికి వచ్చేవాళ్ళ కథలన్నీ ఇలాగే మొదలవుతాయి. కొట్టు మూతపడిందనో, బండి ఆగిపోయిందనో మొదలై, చివరికి లోను దగ్గర తేలతాయి.

“మీ తక్లీఫ్ నాకు సమజైంది పెద్దాయనా. కానీ ఇది మార్చి. ఈ నెలల కొత్తగ ఎవ్వరికీ ఏం ఇయ్యలేం. ఏప్రిల్ల రండి, నేనే దగ్గరుండి చూస్త.”

“అది కాదు మేడం, జెర నా మాట...”

మళ్ళీ ఫోన్ మోగింది. బోయిగూడ నుంచి దేవమ్మ. కుట్టు కేంద్రానికి పేర్లిచ్చిన ఆడవాళ్ళందరి తరఫునా రోజూ ఆమే చేస్తుంది.

అనుపమ ఫోన్‌ను అరచేత్తో మూసి, పెద్దాయనను గుమ్మం దాకా సాగనంపింది. కింద చాయ్ తాగి వెళ్ళమని కూడా చెప్పింది.

“ఏప్రిల్ల అయినా ఫరక్ పడదా మేడం?”

“ఏం ఫరక్ పడదు.”

ఆయన తలూపి చెప్పులు వేసుకున్నాడు.

ఒక ముసలాయనను కసురుకోకుండా, మంచిమాట చెప్పి పంపానని అనుపమకు కాస్త తృప్తిగా అనిపించింది. సర్కారు ఆఫీసులో అదేమీ తక్కువ కాదు.

మర్నాడు ఆమె బేగంపేటలో ఒక ట్రస్టు వాళ్ళను కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది. కమిటీలో పెడతామన్నారు. వాళ్ళ కమిటీ కూర్చునేది మే నెలలోనట.

ముప్పై ఒకటి సాయంత్రం, నలభై లక్షలు వెనక్కి పంపే కాగితం మీద అనుపమ సంతకం చేసింది. రామ్మోహనరావు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. దానికే ఆమెకు ఏడుపొచ్చింది.

దేవమ్మకు తనే ఫోన్ చేసింది.

“మిషన్లు రావు దేవమ్మా. జాగ దొరకలే. పైసలు వాపస్ పోయినయ్.”

“వచ్చే ఏడన్న వస్తయా మేడం?”

“కష్టం. ఖర్చు పెట్టకపోతే మనకు అవసరం లేదనుకుంటరు.”

“అవసరం లేదంటనా?” అంది దేవమ్మ. “మిషన్లొస్తయన్న ఆశతోని, రేపటి సంది బాసన్లు తోమనీకి రానని రెండిండ్లల్ల చెప్పేసిన మేడం. మల్ల పోయి అడుగుత తియ్యండి.”

ఆ రాత్రి అనుపమకు అన్నం సయించలేదు.

ఏప్రిల్ ఒకటిన ఆఫీసు తెరవగానే జంగయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఈసారి చెప్పకముందే కూర్చున్నాడు.

ఆయనను చూడగానే అనుపమకు ప్రాణం లేచొచ్చింది. అంతమందికి చేయలేకపోయిన పని కనీసం ఈ ఒక్కడికైనా చేసిపెట్టాలి అనుకుంది.

“చెప్పండి పెద్దాయనా. లోను ఎంత కావాలె?”

“లోనా?” జంగయ్య తెల్లబోయాడు. “ఈ వయసుల నాకెందుకు మేడం లోను?”

“మరి?”

“బస్తీ ఆడోళ్ళు తెచ్చిన గోధుమలు, జొన్నలు పట్టే బతికిన మేడం. ఇన్నేండ్లు నా ఇల్లు నడిపింది ఆళ్ళే. మీరు జాగ కోసం పరేషాన్ అయితున్నరని చాయ్ హోటల్ల ఇన్న. పక్కా అయ్యేదాంక దేవమ్మకు సుత చెప్పొద్దనుకున్న.”

అనుపమ చేతిలోని పెన్ను కింద పెట్టేసింది.

“గిర్ని పీకేసి, లోపల సున్నం సుత ఏయించిన” అన్నాడు జంగయ్య, “కిరాయి గిరాయి లేకుంట ఆ షెడ్డు మీ కుట్టు మిషన్లకు ఇద్దామనే ఆనాడు మీ దగ్గరికి వచ్చిన మేడం.”