సీమోను కొత్త బాణీ

బోధన్ క్లబ్బులో ఆ సాయంత్రం ముగ్గురు జాజ్ వాయించారు. డ్రమ్ము ఒకరిది, క్లారినెట్టు ఒకరిది, ముందు నిలబడి వైబ్రఫోన్ కొట్టేది సీమోను. వరసగా పేర్చిన లోహపు పలకలను పుల్లలతో కొడుతూ, మధ్యమధ్య అతను చెయ్యి గాల్లోనే ఆపేస్తుంటే ఆఫీసర్లు కళ్లు మూసుకుని తలలూపారు.

“నెలనెలకూ మీ బాణీ ముదురుతోందయ్యా! ఆ మౌనం ఉంది చూశారూ, అదే అసలు సంగీతం!” అన్నారు క్లబ్బు సెక్రటరీగారు.

“అప్పటికప్పుడు పుడుతది సార్,” అన్నాడు సీమోను. నెలకో పలక మాయమవుతోందని మాత్రం చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి భార్య శారమ్మ చాప మీద ఆ మాయమైన పలకలనే తుడుస్తోంది.

“నవీపేట్ల, మోర్తాడ్ల చర్చిలల్ల ప్రార్థనకు పిలువనీకి గంటల్లేవంటే నేనే ఇవి ఇచ్చిన. వీటినే చెట్టుకు కట్టి గంటల లెక్క కొట్టిండ్రు. గిప్పుడు అసలు గంటలొచ్చినయట, వాపసిచ్చిండ్రు. కోపం జెయ్యకు, మల్ల ఎక్కిచ్చుకో.”

సీమోను కోపం చెయ్యలేదు. తలుపు దగ్గరికి వేసి, పలకలన్నీ గోనెసంచిలో చుట్టేశాడు.

“ఇవి మల్ల పెడితె నన్నెవడు మెచ్చుకుంటడే? సిరికొండల గంట ఉన్నదో లేదో అడుగు. ఇంకో రెండు ఊడబీకి ఇస్త.”