వరండాలో ఇన్‌స్పెక్టరమ్మ

గంట మోగగానే రెండో తరగతి పాప చెవులు మూసుకుని బల్ల కింద దూరింది.

"మళ్ళీ మొదలా? లే!" టీచరు వంగి చెయ్యి పట్టుకుంది.

పాప కెవ్వుమంది.

"ముట్టుకోకండి!" వరండాలోంచి కేక.

స్తంభాన్ని ఆనుకుని ఓ ఆవిడ. మండుటెండలోనూ చెవుల మీదుగా శాలువా.

పాప బడిలో చేరిన రోజు నుంచీ వెంట వచ్చి సాయంత్రం దాకా అక్కడే నిలబడుతుంది. కుర్చీ వేస్తే కూర్చోదు. పలకరిస్తే తల తిప్పుకుంటుంది. స్టాఫ్ రూములో అందరూ కలిసి ఆవిడకి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టేశారు.

చెప్పేవి మాత్రం రోజుకొకటి.

"గంట కొట్టేముందు పాపకో మాట చెప్పండి."

"కాలరు వెనక పట్టీ గుచ్చుతోంది. కత్తిరించేశాను. మళ్ళీ కుట్టించమనకండి."

"అలా నిమరకండి. ఒంటిమీద చీమలు పాకినట్టుంటుంది. దుప్పట్లో చుట్టినట్టు గట్టిగా పట్టుకోండి."

"మీకెలా తెలుసు?"

"తెలుసు."

అంతే. మొహంలోకి కూడా చూడదు.

ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్న టీచరుకి ఒళ్ళు మండేది. అయినా ఒకరోజు కోపం దిగమింగి, "లోపలికొచ్చి కూర్చోండమ్మా" అంటూ భుజం మీద చెయ్యి వేసింది.

నిప్పు తగిలినట్టు ఆవిడ ఎగిరి అవతలికి జరిగింది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

టీచరు తిన్నగా హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళింది.

"నేనేమైనా తేలునా మేడం? అసలు ఆ క్లాసు నాదా, ఆవిడదా?"

మర్నాడు వాచ్‌మన్ ఆవిడని గేటు దగ్గరే ఆపేశాడు. ఆవిడ వాదించలేదు. పాప లోపలికి వెళ్ళేదాకా చూసి వెనుదిరిగింది.

ఆ తర్వాత పాపని తండ్రి దింపి వెళ్ళసాగాడు.

పాప బల్ల కిందనే ఉండిపోయేది. పుస్తకం తెరవదు. అన్నం డబ్బా మూత తియ్యదు. ఓ మధ్యాహ్నం డ్రిల్లు మాస్టారు కిటికీ పక్కనే విజిల్ ఊదాడు. పాప గోడకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టింది.

టీచరు గద్దించింది. బతిమాలింది. వినే స్థితిలో లేదు పాప. నుదురు చిట్లింది.

ఇక దారి లేక టీచరు కిటికీ తెర లాగేసి, పాపని అందులో చుట్టి, నేలమీద కూర్చుని గట్టిగా గుండెలకి అదుముకుంది.

కాసేపటికి పాప ఊపిరి కుదుటపడింది. తనంతట తనే టీచరు భుజం మీద తల వాల్చింది.

టీచరుకి ఏడుపొచ్చింది.

సాయంత్రం తండ్రి రాగానే ఎదురెళ్ళింది.

"రేపట్నుంచి మీ ఆవిడని రమ్మనండి. గేటు దగ్గర నేనే ఉంటాను. తప్పు నాదే."

"తను నా భార్య కాదండి. మా అక్క. పాపకి మేనత్త."

"పోనీ, అక్కగారినే రమ్మనండి."

"రాదండి. ఆ రోజు ఇంటికొచ్చి గది తలుపేసుకుంది. పాప పిలిచినా తియ్యట్లేదు. భోజనం గుమ్మం దగ్గరే పెడుతున్నాం."

"గేటు దగ్గర ఆపినందుకే?"

ఆయన కూతురి నుదుటి మీది కట్టుని చూశాడు.

"ఈ వయసులో అక్కకీ ఇదే బాధండి. మొండిదని బడిలో కొట్టారు. అప్పుడు ఇంట్లో దూరిన మనిషి ముప్ఫయ్యేళ్ళకి మళ్ళీ గుమ్మం దాటింది, పాపని మీ బడికి తీసుకొచ్చినప్పుడేనండి."