రిలే చెప్పిన నిజం

“ఇంకాస్త పెంచరా. దాని పిరికితనం వదులుతుంది,” అంది అక్క.

రాళ్లు పిండి చేసే మర మాటిమాటికీ ఆగిపోతోంది. దాన్ని నడిపే ఏనుగంత మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది అరచేతిలో పట్టే ఒక రిలే. దాన్ని లెక్కగట్టి ఎంచింది తమ్ముడే. ఆ ఫ్యాక్టరీలో కరెంటు పని అతనిది, యంత్రాల పని అక్కది. రిలే మరీ చిన్నదైందని తలా ఒక మాటా అంటుంటే వినీ వినీ అతనికీ అనుమానం పట్టుకుంది. స్క్రూడ్రైవరుతో అది ఆపేసే కరెంటు హద్దు పెంచేసి స్టార్టు బటన్ మీద వేలు పెట్టాడు.

“ఆగాగు. ఇందాక ఆగేముందు మర మూలిగినట్టు వినిపించింది.”

అక్క మోటారు నుంచి మరను విడదీయించి, దాని ఇరుసును చేత్తో తిప్పబోయింది. అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

“బేరింగు పట్టేసింది,” అంది చేతులు తుడుచుకుంటూ. “తప్పు నాదే. నువ్వా బటన్ నొక్కుంటే మోటారు మాడి మసయ్యేది. నీ రిలే పొద్దుటి నుంచీ నిజమే మొత్తుకుంటోంది.”

నిజానికి అతను మీసం మెలెయ్యాల్సిన సమయం. కానీ దొంగ దొంగ అని అరుస్తున్న కాపలావాడి నోట్లో తనే గుడ్డలు కుక్కినట్టనిపించి, తల గోక్కుంటూ నిలబడ్డాడు.

“నీ లెక్క మీద నీకే నమ్మకం లేదట్రా?”

“లెక్క మీద ఉందక్కా. కట్టింది నేనని గుర్తొచ్చాకే పోయింది.”