ఒకటో నంబరు కవరు

ఫోనులో వచ్చిన ఉత్తరం చదవగానే కొత్త పెళ్ళికూతురి చేతిలోని గాజు గొట్టం జారి సింకులో పడింది. ఆమె అదృష్టం, పగల్లేదు.

పెళ్ళై మూడు నెలలైనా కాలేజీలో అందరూ ఆమెనింకా అలాగే పిలుస్తున్నారు. పగలు అక్కడి కెమిస్ట్రీ ల్యాబులో ఉద్యోగం, సాయంత్రాలు వేరేచోట ఎమ్మెస్సీ.

విదేశీ యూనివర్సిటీలో ఒక సెమిస్టర్ చదవడానికి సీటొచ్చింది.

వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

"వచ్చింది."

"ఎవరు?" అన్నాడతను ఆఫీసు గోలలోంచి.

"సీటు."

అటువైపు కుర్చీ పడిన చప్పుడు.

"లేచి గంతేశాను. అందరూ నన్నే చూస్తున్నారు. పెట్టేస్తున్నా."

ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఉత్తరంలో ఆఖరి వరుస చదివింది.

రేపు సాయంత్రం నాలుగింటిలోపు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఊళ్ళోనే ఉన్న వాళ్ళ ఆఫీసులో చూపించాలి. లేకపోతే సీటు తర్వాతివాళ్ళకి.

నవ్వు ఆగిపోయింది.

ఆమె ఒరిజినల్స్ అన్నీ కాలేజీ బీరువాలో ఉన్నాయి. ఉద్యోగంలో చేరినరోజే తీసుకుని, కవరులో పెట్టి, పైన ముప్పై ఎనిమిదని నంబరు వేశారు. మూడేళ్ళు పనిచేశాక, మానేసేటప్పుడే తిరిగిస్తారు. ఆమె చేరి ఏడాదిన్నరే అయింది.

మేనేజరు తలెత్తకుండానే విన్నాడు.

"పోనీ రాజీనామా చేస్తాను సార్."

"చెయ్యమ్మా. కాగితాలు మాత్రం గడువు తీరాకే."

"ఒక్కరోజుకివ్వండి సార్. ఎల్లుండి తెచ్చిస్తాను."

"ఒక్కరోజని పట్టుకెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ మొహం చూపించలేదు."

ఇక మిగిలింది తాళాలాయన.

రికార్డు గదిలో బీరువా పక్కనే ఆయన కుర్చీ. నడుముకు తాళాల గుత్తి. ఆ గదికి కిటికీ లేదు. ఎవరొచ్చినా ఆయన నోటెంట వచ్చేది ఒకటే మాట.

"చీటీ ఏదమ్మా?"

మేనేజరు సంతకం చేసిన చీటీ.

"లేదండీ. రేపే ఆఖరు. విదేశంలో వచ్చిన సీటు పోతుంది."

"చీటీ లేనిదే కుదరదు."

ఆమె బీరువా మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. వేలెడు మందం కూడా లేని ఆ రేకు వెనకే ఉంది తన చదువంతా.

"ఎన్ని నెలలు?" అడిగాడాయన.

"ఐదు."

"ఐదు నెలలేగా."

ఆమెకు ఒళ్ళు మండింది.

"మీకేం తెలుస్తుంది లెండి. బతుకంతా ఈ తాళాలేసుకుంటూ కూర్చున్నారు. సీటొచ్చి చేజారిపోతే ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

ఆయన తాళాల గుత్తి సర్దుకున్నాడు.

"అక్కడ చలి ఎక్కువంటారు" అన్నాడు.

ఆరోజే ఆయన రిటైర్మెంటు. నాలుగింటికి, తన కాగితాల కవరు చంకలో పెట్టుకుని, గదిగదికీ వెళ్ళి అందరికీ చెప్పుకుంటూ ల్యాబుకీ వచ్చాడు.

"వెళ్ళొస్తానమ్మా."

ఆమె కుళాయి ఇంకాస్త పెద్దగా తిప్పి గొట్టాలు కడుగుతూ ఉండిపోయింది. వెనక్కి తిరగలేదు.

గుమ్మం పక్కన, ఆమె క్యారియర్ సంచి తగిలించిన మేకు దగ్గర, ఆయన కాసేపు తచ్చాడి వెళ్ళిపోయాడు.

ఆమె ఇల్లు చేరేసరికి భర్త మెడకు కొత్త మఫ్లరు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నీకే. పనిచేస్తుందో లేదోనని చూస్తున్నా. ఊపిరాడట్లేదు. అంటే బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే."

ఆమె ఏడ్చేసింది. రోజూ బొమ్మరిల్లులా ముద్దొచ్చే ఆ రెండు గదుల ఇల్లు ఇవాళ నాలుగు గోడలూ మీదికి తోసుకొస్తున్నట్టుంది.

విషయమంతా విని అతను మఫ్లరు తీసేశాడు.

"సరే. నువ్వు ఏడుస్తూ ఉండు, ఈలోగా నేను క్యారియర్ కడుగుతాను" అంటూ సంచిలో చెయ్యి పెట్టాడు.

క్యారియర్‌తో పాటు ఒక ఖాకీ రంగు కవరు బయటికొచ్చింది.

లోపల పదో తరగతి, ఇంటర్, డిగ్రీ. అన్నీ ఆమెవే.

కవరు మీద మాత్రం పెద్దగా ఒకటి అని ఉంది.

ఆమె ల్యాబులో తనతో పనిచేసే అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, ఒకటో నంబరు కవరు ఎవరిది?"

"ఇంకెవరిదే, తాళాలాయనది. కాలేజీ పెట్టినప్పుడు అందరికంటే ముందు చేరింది ఆయనే. ఇవాళ మేనేజరు సంతకం పెట్టి ఇచ్చేశాడుగా, రికార్డు గది దగ్గరే నంబరు చూసి పంపేశారు."

"మరి మిగతా కవర్లు?"

"ఆయన వెళ్ళగానే లెక్కపెట్టారు. అన్నీ ఉన్నాయి. నీ ముప్పై ఎనిమిది కూడా బొద్దుగా అక్కడే ఉంది. ఇక ఆశ వదులుకో పెళ్ళికూతురా."

ఫోన్ పెట్టేసింది. ఆ ముప్పై ఎనిమిదో కవరులో ఇప్పుడున్నవి తాళాలాయన కాగితాలేనని భర్తకు చెప్పింది.

"ఆయన పేరేమిటి?" అన్నాడతను.

"తెలీదు. అందరం తాళాలాయనే అనేవాళ్ళం."

"ఇల్లెక్కడ?"

"అదీ తెలీదు. కనీసం తిరిగి చూడలేదు నేను."

"రేపు పొద్దున్నే ఇవి చూపించేద్దాం. అటునుంచి అటే వెళ్ళి ఆయన్ని వెతుకుదాం. దొరికేదాకా ఇంటికి రావద్దు."

ఆమె తలూపి, ఖాళీ కవరు జాగ్రత్తగా మడవబోయింది. అడుగున ఏదో అతుక్కుని ఉంది. గోటితో మెల్లగా లాగింది.

పచ్చబడి, మడతల దగ్గర చిరుగులు పట్టిన ఆ ఉత్తరంలో ఒక విదేశీ యూనివర్సిటీ, ఒక సెమిస్టర్‌కి ఖాయమైన సీటు, ఒరిజినల్స్ చూపించడానికి ముప్పై రెండేళ్ళ కిందట దాటిపోయిన గడువు, అన్నిటికంటే పైన, ఆమె ఇన్నాళ్ళలో ఒక్కసారీ అడగని ఆయన పేరు ఉన్నాయి.