పండుకు ఏకాదశి లేదు

పండు నీళ్ల బకెట్‌లో పెట్టిన తల ఎత్తడం లేదు.

పొద్దుటి నుంచి అది నాలుగోసారి.

తాండూరులో కందిపప్పు వ్యాపారం చేసే ఇందిరమ్మ ఇంట్లో ఆ పిల్లి ఏడేళ్లుగా మహారాజు. ఎలుక ఎదురొస్తే పక్కకు తప్పుకుని దారిచ్చేంత మర్యాదస్తుడు. అలాంటిది నెల రోజుల్లో చిక్కి సగమైంది. వెనక కాళ్లు ఈడుస్తూ నడుస్తోంది.

మనవరాలు నిఖిల దాన్ని బుట్టలో పెట్టుకుని, నానమ్మను వెంటబెట్టుకుని, వికారాబాద్‌లో పశువుల డాక్టర్ జ్యోతిరాణి దగ్గరికి పరుగెత్తింది.

"షుగర్," అంది డాక్టర్. "ఏం పెడుతున్నరు దీనికి?"

"పెరుగన్నం. పొద్దుగాల రెండు బూందీ లడ్డూలు. మేం ఏం తింటె అదే తింటది," ఇందిరమ్మ గర్వంగా చెప్పింది.

"అది పిల్లి అమ్మా. గుడ్డు, మాంసం పెట్టాలె. దినాం రెండుసార్లు ఇన్సులిన్ ఇయ్యాలె. ముందు తిండి, తర్వాత సూది. లేకుంటె బతకదు."

మాంసం అనగానే ఇందిరమ్మ చెవులు మూసుకుంది. సూది అనగానే నిఖిల కళ్లు మూసుకుంది.

డాక్టర్ నవ్వింది. "ఫికర్ చెయ్యకుండ్రి. తాండూర్‌ల జంగప్ప అని ఒకాయన ఉన్నడు. పంపిస్త."

మర్నాడు సరిగ్గా ఏడింటికి గేటు చప్పుడైంది. నెరిసిన గడ్డం. నాపరాయి గనుల్లో మొద్దుబారిన చేతులు. ఆ చేతుల్లో ఒక స్టీలు డబ్బా, డబ్బాలో ఉడికిన కోడి ముక్కలు.

"ఆడనే ఆగు!" ఇందిరమ్మ కేక పెట్టింది. "గా డబ్బా గడప దాటొద్దు. నువ్వు గూడ."

"సరె అమ్మా," అన్నాడు జంగప్ప.

పెరట్లో బట్టలుతికే బండ మీద పండుకు తినిపించాడు. మెడ వెనక చర్మం రెండు వేళ్లతో పైకి లాగి సూది వేశాడు. పండుకు తెలియనే లేదు.

సాయంత్రం ఏడింటికి మళ్లీ వచ్చాడు. రోజూ అంతే. కాగితపు గ్లాసులో టీ ఇస్తే, నిలబడే తాగి, గ్లాసు తానే పారేసి పోయేవాడు. డాక్టరు దగ్గర కాంపౌండర్ అయి ఉంటాడని ఇందిరమ్మ తేల్చేసింది. అడిగే అవసరం ఆమెకు తోచలేదు.

అంతలో ఏకాదశి వచ్చింది. ఇంటిల్లిపాదికీ ఉపవాసం. ఆ రోజు పెరట్లోకి కూడా మాంసం రావడానికి వీల్లేదు.

"పండు తిన్నదా అమ్మా?" గేటు బయటి నుంచి అడిగాడు జంగప్ప.

"తిన్నది, తిన్నది. నీ డబ్బా ఇయ్యాల వద్దు. సూది ఏసి పో."

పెద్దావిడ మాట. నమ్మాడు. సూది వేసి వెళ్లాడు.

నిజానికి పండు నోట్లో మెతుకు పడలేదు. కాస్త పుణ్యం దానికీ రానీ అనుకుంది ఇందిరమ్మ.

పదింటికల్లా పండు గజగజా వణికి కూలబడింది. పిలిస్తే కళ్లు కూడా తిప్పలేదు.

నిఖిల ఏడుస్తూ ఫోన్ చేసింది. పది నిమిషాల్లో జంగప్ప ఉరుక్కుంటూ వచ్చాడు. గడప దాటి, చెప్పులతోనే నడింట్లోకి వచ్చాడు.

"షుగర్ పడిపోయింది! తేనె ఉన్నదా? జల్ది!"

దేవుడి గదిలోంచి అభిషేకం తేనె వచ్చింది. వేలితో దాని చిగుళ్లకు రాశాడు. మళ్లీ రాశాడు. ఇందిరమ్మ గోడకు ఆనుకుని చూస్తోంది. కన్నబిడ్డలా పెంచుకున్నదాన్ని చేజేతులా చంపుకున్నానని నెత్తి కొట్టుకుంది.

పావుగంటకు పండు నాలుక చాపి అతని వేలు నాకింది.

"దానికి ఏకాదశి లేదమ్మా," అన్నాడు జంగప్ప.

మర్నాడు పెరట్లో చిన్న స్టవ్ వెలిగింది. డెబ్బై ఏళ్లలో గుడ్డు ముట్టని ఇందిరమ్మ, ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని, పండు కోసం గుడ్డు ఉడకబెట్టింది. నెల తిరిగేసరికి సూది కూడా తానే వేసింది.

"చెయ్యి జరంత గూడ వణకలె అమ్మా," జంగప్ప మురిసిపోయాడు.

మూడు నెలలకు వికారాబాద్‌లో రక్తం పరీక్ష చేసి జ్యోతిరాణి చప్పట్లు కొట్టింది.

"షుగర్ సక్కగున్నది. ఇగ సూది బంద్! అప్పుడప్పుడు చూపించుకోండ్రి, గంతే."

నిఖిల ఎగిరి గంతేసింది. ఇందిరమ్మ పండును గుండెకు హత్తుకుని, పదిమంది చూస్తున్నారని కూడా లేకుండా భోరుమంది. గెలిచింది మరి!

కళ్లు తుడుచుకున్నాక పెద్దరికం గుర్తొచ్చింది.

"మీ కాంపౌండర్ మంచోడే తల్లీ. ఒకపారి చెప్పులతోని ఇంట్లకొచ్చిండు గని, పోనీలే అనుకున్న. ఇంతకీ గంత నొప్పి లేకుండ సూది ఏసుడు ఏ దవాఖానల నేర్చిండు?"

జ్యోతిరాణి టేబుల్ సొరుగు లాగి, రోజూ తాను వేసుకునే ఇన్సులిన్ పెన్ను తీసి చూపించింది.

"ఏ దవాఖానల గాదమ్మా, నా మీదనే నేర్చిండు, నాకు ఆరేండ్లకే షుగరొస్తె, నాపరాళ్ల గనిల పనికి పోయే ముందు ఏడింటికి, వచ్చినంక ఏడింటికి సూదులేసి, నన్ను బతికించి, సదివించి, గీ కుర్చీల కూసోబెట్టిన మా నాయిన ఆయన."