ఒకేసారి చెల్లింపు

"మాట్లాడరేం? నోట్లో నాలుక లేదా?" అంది రెండో కౌంటరులోని ఆవిడ, తల ఎత్తకుండానే.

ఎదురుగా ఉన్న పెద్దాయన మెడకు చుట్టుకున్న గుడ్డను పక్కకు జరిపాడు. గొంతు ఉండాల్సిన చోట రంధ్రం ఉంది.

ఆవిడ నాలుక కరుచుకుంది.

గొంతు పోయినవాళ్ళు రావడానికే ఆ ఆఫీసు. ఫోనులో మాట రాసి మీట నొక్కితే పైకి పలికే యాప్‌ను ఆ కంపెనీ అమ్ముతుంది.

ఒకప్పుడు దాన్ని ఒక్కసారి కొనుక్కుంటే జన్మంతా మాట్లాడుకోవచ్చు. కిందటేడాది నుంచి నెలనెలా చందా కట్టాలి. కట్టకపోతే అక్షరాలు పడతాయి, మాట మాత్రం రాదు.

ఆఫీసులో ఆవిడ పేరు రూల్సక్క. మనిషి చెడ్డది కాదు. కాకపోతే దేవుడు వరమిచ్చినా రూల్సక్క ఇవ్వదని తోటివాళ్ళు మేలమాడతారు.

పెద్దాయన సంచిలోంచి పలక తీసి రాశాడు. 'చందా ఆగింది. మాట పోయింది. మా ఆవిడకు చూపు లేదు. రాసి చూపించలేను.'

"అయ్యో! కట్టేస్తే నిమిషంలో వచ్చేస్తుందండీ."

పలక తుడిచి మళ్ళీ రాశాడు. 'మందులకే చాలడం లేదు. ఈ కాగితం చదవండి.'

మడతల దగ్గర చిరుగుతున్న పాత కాగితం. పైన పెద్దక్షరాలతో 'ఒకేసారి చెల్లింపు' అని ఉంది. అలాంటి బిల్లులు పట్టుకుని రోజుకు పదిమంది పోట్లాటకు వస్తారు. ఆ రెండు ముక్కలు కనబడగానే రూల్సక్క చదవడం ఆపేసింది.

"ఒకేసారి కట్టినవి ఇప్పుడు చెల్లవు బాబాయిగారూ. పాతవాళ్ళయినా సరే, నెలనెలా కట్టాల్సిందే."

ఆయన పలక మీద వేలితో కొట్టాడు, 'చదవండి' అన్న మాట దగ్గర.

"చదివానండీ!"

అంతలో గోడమీది స్పీకరు పలికింది. "నలభై మూడో నంబరు వారు రెండో కౌంటరుకు దయచేయండి."

యాప్‌లో ఉన్న గొంతే. పొదుపు కోసం కంపెనీ అన్నిచోట్లా దాన్నే వాడుకుంటుంది.

పెద్దాయన తలెత్తి స్పీకరు వంక చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

"స్పీకరు ఎప్పుడూ చూడలేదా బాబాయిగారూ? కాస్త జరగండి, వెనక జనం ఉన్నారు."

ఆయన జరిగాడు. కాగితం కౌంటరు మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

మరిచిపోయిన కాగితాలు మూడు నెలలు దాచాలని రూలు. రూల్సక్క దాన్ని సొరుగులో పడేసింది.

*

రెండు నెలలైనా తిరక్కముందే ఒక ముసలావిడ చేతికర్రతో తడుముకుంటూ వచ్చింది. కౌంటరు అంచు దొరకబుచ్చుకుని ఫోను పెట్టింది.

"మా ఆయన పోయారమ్మా. మూడు వారాలైంది. మాట్లాడలేరు, పలక పట్టుకుని తిరిగేవారు."

రూల్సక్కకు మెడకు గుడ్డ చుట్టుకున్న పెద్దాయన గుర్తుకొచ్చాడు.

"పోయే ముందు ఇందులో ఏదో రాశారట. పక్కింటమ్మాయి చదివింది. చెప్పవే తల్లీ అంటే ఏడుస్తుంది తప్ప చెప్పదు. ఆయన చెబితేనే వింటాను. చందా తెచ్చాను."

ముసలావిడ పిడికిలి విప్పింది. నోట్లు చెమటకు తడిసి ఉన్నాయి.

రూల్సక్క ఫోను తెరిచింది.

'ఛాతీలో నొప్పి. పక్కింటివాళ్ళను పిలువు.'

కింద యాప్ రాసిపెట్టిన లెక్క ఉంది. మీట నొక్కింది పదిహేడుసార్లు. పదిహేడుసార్లూ ఒకటే జవాబు: మీ చందా గడువు ముగిసింది.

"అప్పుడు... మీరెక్కడున్నారమ్మా?"

"వంటింట్లోనే. నాలుగడుగుల దూరం. పలక కిందపడ్డ చప్పుడైంది. ఏవండీ అన్నాను. కునుకు పట్టిందేమో అనుకున్నాను." ముసలావిడ ముందుకు వంగింది. "ఏం రాశారమ్మా?"

రూల్సక్క ఆ నోట్లను ఆవిడ పిడికిట్లోనే పెట్టి మూసింది.

చందా తనే కట్టింది. ఒకరి ఫోనులో ఇంకొకరు మాట రాయకూడదని రూలు. పాత మాట చెరిపేసి, కొత్తది రాసి, మీట నొక్కింది.

"నిద్రొస్తోంది. పడుకుంటున్నాను. నువ్వు వేళకు తిను."

ముసలావిడ ముఖం విప్పారింది.

"ఇంతేనా! దీనికా ఆ పిల్ల అంత ఏడ్చింది?" ఫోనును చెంపకు ఆనించుకుంది. "ఇంకోసారి, తల్లీ."

ఇంకోసారి నొక్కింది.

"ఇకమీదట కూడా నెలనెలా కడితేనే పలుకుతారా?"

"పలికేది ఆయన కాదమ్మా. అది మిషను గొంతు. అందరి ఫోన్లలోనూ అదే ఉంటుంది. మీరు డబ్బు పాడుచేసుకోకండి."

"అందరి ఫోన్లలోనా?" అంది ముసలావిడ, అర్థం కానట్టు.

అప్పుడే స్పీకరు పలికింది. "యాభై ఒకటో నంబరు వారు రెండో కౌంటరుకు దయచేయండి."

ముసలావిడ చటుక్కున అటు తిరిగింది. చేతికర్ర జారి కిందపడింది. రెండు చేతులూ గాలిలోకి చాచింది.

"ఏవండీ! ఇక్కడున్నారా?"



రూల్సక్క సొరుగు లాగింది. పెద్దాయన వదిలేసి వెళ్ళిన కాగితం మడతలు విప్పి, ఆ రెండు ముక్కల కింద ఏముందో మొదటిసారి చదివింది.

అది ఆయన యాప్ కొన్న బిల్లు కాదు. పన్నెండేళ్ళ కిందట కంపెనీ ఆయన గొంతును ఒకేసారి డబ్బిచ్చి శాశ్వతంగా కొనుక్కున్న పత్రం.